తోడు చుక్క

ఓబులేసు కుడిచెయ్యి ఊరికే ఉండే చెయ్యి కాదు.

నలభై ఏళ్ళు అది చెనక్కాయ రాశుల్లోనే మెలిగింది. ఉరవకొండ వేరుశెనగ మిల్లులో కాయ చూసేవాడంటే అతనే. రైతు బండి ఆపగానే మోచేతిదాకా రాశిలోకి చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసేవాడు. చెవి దగ్గర ఆడించేవాడు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే కాయ రెండుగా విచ్చుకునేది. ఎర్రపొట్టు నలిపి ఊది, గింజ నోట్లో వేసుకునేవాడు. పటుక్కున విరిగితే ఆరిన సరుకు. మెత్తగా నలిగితే పచ్చి. ఏ నేల కాయ, వానకు తడిసిందా, లోపల బూజు మొదలైందా, అవన్నీ నాలుక చెప్పేది. అతను మాత్రం ఒక్క మాటే చెప్పేవాడు. "దించుకో." లేకపోతే, "ఎండబెట్టుకో."

ఇప్పుడు ఆ చేతికి సన్నటి గొట్టం గుచ్చి ఉంది. పక్క మంచం మీద మనవరాలు కావేరి పడుకుని ఉంది. ఏడేళ్ళ పిల్ల. ఆ పిల్ల ఎడమచేతికి ఇంకో గొట్టం. రెండు గొట్టాల నడుమ బియ్యం డబ్బా అంత మిషను గుయ్యిమని తిరుగుతోంది.

"ఇంకెంతసేపు డాక్టరమ్మా?"

"మూడు గంటలైంది. ఇంకా నాలుగు గంటలు. చెయ్యి కదపొద్దని చెప్పినా కదా పెద్దాయనా."

"నేను కదపలేదు. అదే కదుల్తాంది."

"తాత మాట తాత చెయ్యి వినదు డాక్టరమ్మా," అని కావేరి నవ్వింది.

డాక్టర్ మెహరున్నీసా నవ్వలేదు. ఆ చేతిని తువ్వాలుతో మంచంపట్టెకు కట్టేసి, మళ్ళీ మిషను వైపు తిరిగింది. అనంతపురం పొలిమేరలో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన కట్టడం అది. గోడలకు ఇంకా మల్బరీ ఆకు వాసన ఉంది. ఆమె పదిహేనేళ్ళుగా అక్కడే పని చేస్తోంది. ఈ వైద్యాన్ని ఎలుకల మీద చూసింది. కోతుల మీద చూసింది. మనుషుల మీద చూడడం ఇదే మొదలు.

రెండు నెలల ముందు ఆమె ఓబులేసుకు విషయం చెప్పింది.

"పాప ఒంట్లో కాపలావాళ్ళుండారు. మన అందరి ఒంట్లో ఉంటారు. పాప కాపలావాళ్ళు చెనక్కాయను చూసి దొంగ అనుకుంటాండారు. ఒక్క దొంగను పట్టేకి ఊరంతా తగలబెడతారు. గొంతు వాచేది, దద్దుర్లొచ్చేది, ఊపిరాడనిది అందుకే."

"తరిమేయండి వాళ్ళను."

"తరిమినా. నెల తిరక్కుండానే మళ్ళా పుట్టినారు. కాపలా ఖాళీగా ఉందంటే ఒళ్ళు ఒప్పుకోదు. ఇంకొకరికి అప్పజెప్పితే గానీ వదలదు. ఆ ఇంకొకరు రక్తసంబంధం అయ్యుండాల. వాళ్ళకు ఇంక జన్మలో చెనక్కాయ పడదు."

ఓబులేసు కూతురు వన్నూరమ్మ, అంటే కావేరి తల్లి, కుర్చీ అంచుకు వచ్చింది. "నేనుండా కదా డాక్టరమ్మా. నాకు పెట్టండి."

"నువ్వు గమ్మునుండు," అన్నాడు ఓబులేసు. "నాకు పెట్టండి."

"నాయనా, నీ పనేమైతాది? నీ బతుకంతా ఆ కాయే కదా."

అతను అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వన్నూరమ్మ మళ్ళీ అడగలేదు. ఎందుకు తనకే కావాలంటున్నాడో ఆమెకు తెలుసు.

"ఇంకొకటుంది," అంది డాక్టరమ్మ. "అప్పజెప్పిన దినంతోనే అయిపోదు. పన్నెండు నెలలు, నెలకొక చుక్క నీ రక్తంలోంచి తీసి పాపకెక్కించాల. పాలకు తోడు పెడతాం కదా, అట్లనుకో. కాపలా ఈడ నడుస్తాంది, నువ్వు పండుకో అని పాప ఒంటికి చెప్పేది ఆ చుక్కే. ఒక్క నెల తప్పినా పాప ఒళ్ళు మళ్ళా లేస్తాది. ఈసారి రెట్టింపు కోపంతో లేస్తాది."

"అయితే ఇప్పుడు నేనేం చేయాల?"

"ఏడాది పొడుగునా బతికుండాల పెద్దాయనా. అంతే."

*

కావేరికి మూడేళ్ళప్పుడు జరిగిన సంగతి ఇది.

పిల్లకు చెనక్కాయ పడదని ఊళ్ళో ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఓబులేసుకు నవ్వొచ్చింది. ఈ నేలలో పుట్టిన పిల్లకు చెనక్కాయ పడకపోవడమేమిటి? చెనక్కాయలు నూరిన ఊరిబిండి లేనిదే ముద్ద దిగని ఇల్లు. పెట్టక పడలేదు గానీ, కొంచెం కొంచెం నాలుకకు రాస్తే అదే అలవాటైపోతుందనుకున్నాడు. ఒకరోజు పొద్దున వన్నూరమ్మ నీళ్ళకు పోయినప్పుడు, ఏరి ఏరి మంచి గింజ తీశాడు. మెత్తగా నమిలి, వేలికొసతో పిల్ల నాలుక మీద పెట్టాడు.

పిల్ల చప్పరించింది. నవ్వింది. మూతి గీక్కుంది. ఆ తర్వాత పెదాలు వాచాయి. కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. అది కూడా సన్నబడింది. పిల్లను భుజాన వేసుకుని దారిన పోయే పాలవ్యానుకు అడ్డం పడ్డాడు. బతికింది.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఊరిబిండి లేదు. మిల్లు వెనక కొళాయి కింద స్నానం చేసి, బట్టలు మార్చుకునే ఇంటికొచ్చేవాడు. అయినా ఏ గోటి సందున ఏ పొట్టు మిగిలేదో, అతను ఎత్తుకుంటే పిల్ల మెడ మీద దద్దుర్లు లేచేవి. ఎత్తుకోవడం మానేశాడు. నాలుగేళ్ళు. బడిలో పిల్ల విడిగా ఒక మూల కూర్చుని అన్నం తినేది. సంచిలో, ఊపిరాడనప్పుడు గుచ్చుకునే సూదిమందు పెన్ను ఉండేది. మూత తీసి, తొడకు గుచ్చి, పది అంకెలు లెక్కపెట్టాలి. అక్షరాలు రాకముందే ఆ పిల్లకు ఆ పని వచ్చు.

*

ఏడు గంటలు గడిచాక డాక్టరమ్మ ఇద్దరి ముంజేతుల మీద చెరొక చుక్క చెనక్కాయ రసం వేసి, సూదిమొనతో అంటీ అంటనట్టు గుచ్చింది. పావుగంట చూశారు. కావేరి చెయ్యి ఉన్నది ఉన్నట్టే ఉంది. ఓబులేసు చేతి మీద దోమ కుట్టినట్టు మొదలై, నిమ్మకాయంత దద్దురు లేచింది.

"వచ్చేసిందా?" అన్నాడు.

"వచ్చేసింది."

దాన్ని చాలాసేపు చూశాడు. దురద పెడుతోంది. గీరుకోలేదు.

ఆ రోజే వాకిట్లో కావేరిని ఎత్తుకున్నాడు. నాలుగేళ్ళలో బరువెక్కింది. ఆయాసం వచ్చినా దించలేదు.

*

మిల్లుకు పోవడం మానేశాడు. అక్కడ తేమ చూసే మిషను పెట్టారు. దాని కడుపులో గుప్పెడు గింజలు పోస్తే అంకె చూపిస్తుందట. నాలుక అక్కర్లేదు.

ఇంట్లో కూర్చోవడం చాతకాలేదు. వాకిట్లోకి పోతాడు, లోపలికొస్తాడు. నీళ్ళు తాగుతాడు. మళ్ళీ పోతాడు. ఎక్కడ చూసినా చెనక్కాయే. పక్కింటి చేటలో, బడ్డీకొట్టు సీసాలో, హోటలు చట్నీలో, బోండాలు దేవిన నూనెలో. గాలి తోలితే మిల్లు వైపు నుంచి పొట్టు ఎగిరొస్తుంది. ముక్కులో నస మొదలవుతుంది. తలుపేసుకుని లోపలి గదిలో కూర్చుంటాడు. కావేరి నాలుగేళ్ళు పడుకున్న గది అది. గోడ మీద పిల్ల సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. ఇన్నాళ్ళూ అవి చూడలేదు.

కావేరి ఇప్పుడు బడిలో అందరి మధ్యన కూర్చుని తింటోంది. చిక్కీ ఇస్తే మాత్రం పక్కపిల్లకు ఇచ్చేస్తుంది. ఒళ్ళు మరిచిపోయింది గానీ పిల్ల మరిచిపోలేదు. వన్నూరమ్మ ఒకసారి గింజ తినమంటే పిల్ల గొంతు పట్టుకుని వెనక్కి జరిగింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

బడి నుంచి వచ్చి గడప బయటే నిలబడుతుంది.

"తాతా, దగ్గరికి రావద్దు. ఈ పొద్దు చిక్కీ పంచినారు. నీళ్ళు పోసుకోనొస్తా."

సబ్బుతో మోచేతులదాకా కడుగుతుంది. నోరు పుక్కిలిస్తుంది. గౌను మారుస్తుంది. అన్నీ అతని దగ్గర నేర్చిన పనులే. తర్వాత వచ్చి ఒళ్ళో కూర్చుని పాఠం మొదలుపెడుతుంది. ఓబులేసు మూడో తరగతితో ఆపేశాడు. పొట్లాల మీది సన్న అక్షరాలు అతనికి ఆనవు.

"ఈ బిస్కెట్టులో ఉండాది తాతా. చిన్నగా రాసినారు, దొంగోళ్ళు. ఇది తినొద్దు. హోటల్లో ఏ నూనె అని అడగాల. గరిటె వేరేదా అని కూడా అడగాల. అడిగేకి సిగ్గుపడొద్దు."

"ఇంతుంటే ఏమైతాదిలే."

పిల్ల ఒళ్ళోంచి లేచింది. అతని మొహంలోకి చూసింది.

"ఆ మాట అనొద్దు తాతా."

అతను ఇంకెప్పుడూ అనలేదు.

చెయ్యితోనే తంటా. అన్నం తింటున్నా, మాట్లాడుతున్నా, కూర్చునే కునుకు తీస్తున్నా బొటనవేలు చూపుడువేలి మీద నొక్కుతూనే ఉంటుంది. లేని కాయను విప్పుతుంది. లేని పొట్టు ఊదుతుంది. ఒకసారి బడ్డీకొట్టు దగ్గర సీసా మూత దాకా పోయింది. అది చూసి వన్నూరమ్మ పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి చేతికి తొడుగు కుట్టింది. బయటికి పోతే అది వేసుకోవాల్సిందే.

"ఏమన్నా, క్రికెట్టుకు పోతాండావా?" అని కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు ఎగతాళి చేశారు.

"ఊ," అనేసి పోయాడు.

నెలకొకసారి అనంతపురం బస్సు. నెలకొక చుక్క. వన్నూరమ్మ గోడ మీది క్యాలెండరులో పసుపుబొట్లు పెట్టింది. పదకొండు బొట్లయ్యాయి. పన్నెండోదానికి ఇంకా ఐదు రోజులుంది.

*

శనివారం ఒంటిపూట బడి. కావేరిని తీసుకుని ఓబులేసు తారురోడ్డున వస్తున్నాడు. పంట కోత కాలం. సగం రోడ్డు మీద చెనక్కాయలు ఆరబోసి ఉన్నాయి. అతను రెండో పక్కన, మూతికి తువ్వాలు చుట్టుకుని నడుస్తున్నాడు. ఎండకు తొడుగులో చెయ్యి ఉడికిపోతోంటే తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఓబులేసు మామా!" రాశి దగ్గర నుంచి ఎర్రిస్వామి కేకేశాడు. రెండెకరాల రైతు. "మిల్లోళ్ళు పచ్చి అని తిప్పి పంపిచ్చినారు మామా. వారం ఎండబెట్టిన కాయ. మిషనంట, అంకెలంట. నాకు నమ్మకం లేదు. నువ్వు చెప్పు."

"నేను చూడకూడదప్పా."

"ముట్టుకోవద్దులే. ఆన్నుంచే చూసి చెప్పు."

ఓబులేసు నిలబడిపోయాడు. పదకొండు నెలల్లో ఆ మాట అడిగినవాడు లేడు.

"తాతా, పోదాం పా," అంది కావేరి.

"ఒక్క నిమిషం. ఎర్రిస్వామీ, గుప్పెడు తీసి ఆడించు. పైవి కాదు, అడుగువి."

ఎర్రిస్వామి ఆడించాడు. గలగలమంది. ఓబులేసు కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకో పక్కనుంచి." మళ్ళీ ఆడించాడు. ఇది కాస్త బొంగురుగా ఉంది.

"పడమటి పక్క పచ్చిగుండాది. నీడ పడతాందేమో చూడు. అది తిరగేసి రెండు దినాలు ఎండనీ. మిషను అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది."

"అట్ల చెప్పు మామా! ఇదీ మాటంటే!"

ఓబులేసుకు లోపల ఎక్కడో ఒక ముడి వదులైంది. తువ్వాలు గొంతు కిందికి జార్చి, రెండడుగులు దగ్గరికి పోయాడు. ఎర్రిస్వామి విత్తనం గురించి అడిగాడు. వాన గురించి అడిగాడు. ఓబులేసు చాలా రోజుల తర్వాత నాలుగు మాటలు వరసగా మాట్లాడాడు. మాట్లాడుతూనే ఉన్నాడు.

పటుక్కుమంది.

ఆ చప్పుడు ఎక్కడిదో ముందు తెలియలేదు. ఎర్రిస్వామి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఓబులేసు తన చేతి వైపు చూసుకున్నాడు. వేళ్ళ నడుమ విచ్చిన డొల్ల ఉంది. నాలుక మీద తియ్యగా, చాలా తియ్యగా గింజ ఉంది.

"ఉమ్మెయ్ తాతా! మింగొద్దు! ఉమ్మెయ్!"

ఉమ్మేశాడు. కాస్త గొంతు దిగిపోయింది.

"ఏం గాదులే," అన్నాడు. పెదాలు జిలపెడుతున్నాయి. "ఇంటికి పోదాం పా."

"నీ పేరు చెప్పు."

"ఏందమ్మీ?"

"పేరు చెప్పు తాతా! గొంతెట్లుందో వినాల!"

"ఓబు..." గొంతు బొంగురుపోయింది. అతని మాట అతనికే కొత్తగా వినిపించింది. అరచేతులు మండాయి. కళ్ళ ముందు రోడ్డు ఒక పక్కకు వాలింది.

"పండుకో. లేవొద్దు. లేచి నిలబడితే పోతావు." పిల్ల అతని చొక్కా పట్టుకుని రాశికి దూరంగా రోడ్డు పక్కకు లాగి పడుకోబెట్టింది. తన పుస్తకాల సంచి తెచ్చి కాళ్ళ కింద పెట్టింది. అతని జేబులోంచి సూది పెన్ను తీసింది. ఎర్రిస్వామి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"నోట్లో ఏమీ పొయ్యొద్దు మామా! ఫోన్ చేయి! అంబులెన్సుకు చేయి!"

పంచె మీది నుంచే తొడలో గుచ్చింది. గట్టిగా నొక్కి పట్టింది.

"ఒకటి, రెండు, మూడు..."

ఊపిరి లోపలికి పోవడం లేదు. ఎవరో గొంతు మీద గోతాం మూటలు పేర్చినట్టుంది. చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. తెలిసినా చెప్పడానికి మాట లేదు. పైన ఆకాశం, అడ్డంగా పిల్ల మొహం. ఆ మొహాన్ని చూస్తూ ఓబులేసుకు ఒక్కటే అనిపించింది. ఇదా ఆ రోజు ఈ పిల్ల చూసింది? మూడేళ్ళప్పుడు? అడ్డంగా కనబడిన మొహం తనదేగా. ఏమైందని అడిగే మాట కూడా రాని వయసులో.

"...తొమ్మిది, పది. ఊపిరి తీస్కో తాతా. మెల్లగా. నేనుండా కదా."

అంబులెన్సులో ఇంకో సూది పడింది. ఆసుపత్రికి పోయేసరికి గొంతు తెరుచుకుంది.

*

"బతికినాడు, సరే," అంది ఫోనులో డాక్టరమ్మ వన్నూరమ్మతో. "కానీ ఆయన ఒంట్లో కాపలా ఒకసారి ఊరంతా తగలబెట్టింది. ఆ రక్తంలోంచి తీసిన చుక్క పనిచేస్తాదో లేదో నాకు తెలీదమ్మా. ఇంతవరకూ ఇట్ల ఎవరికీ కాలేదు. చుక్క తప్పిస్తే మాత్రం చేసిందంతా ఖాయంగా పోతాది. తీసుకోని రా."

ఆ ఐదు రోజులు ఓబులేసు కూర్చున్నది లేదు. వాకిలి నుంచి పెరడు, పెరడు నుంచి వాకిలి. కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టుకుని తిరిగాడు. వన్నూరమ్మ అన్నం పెడితే ఎడమచేత్తో తిన్నాడు.

"నాయనా, విప్పు. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"దీన్ని నరికెయ్యాల."

"ఆ చెయ్యే కదా ఇన్నాళ్ళూ మాకు అన్నం పెట్టింది. గమ్మునుండు."

మొదటిసారి కూతురు అతన్ని గమ్మునుండమంది.

ఐదో రోజు అనంతపురం పోయారు. పట్టుపురుగుల కట్టడం వరండా నిండా జనం. ఏడాది కింద ఖాళీగా ఉన్న బల్లలు ఇప్పుడు చాలడం లేదు. పాలు పడని పిల్ల, గుడ్డు పడని పిల్లాడు, గోధుమ పడనివాళ్ళు. ఒక్కో పిల్ల పక్కన ఒక ముసలి మనిషి. అవ్వలు, తాతలు. తల్లిదండ్రులు ఎదురుగా నిలబడి ఎవరి మొహమూ చూడలేకుండా ఉన్నారు. డాక్టరమ్మ లోపలి నుంచి వచ్చి ఆ వరసను ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

మనవణ్ణి ఒళ్ళో పెట్టుకున్న ఒక అవ్వ ఓబులేసు వైపు వంగింది. "నువ్వే కదా మొదట పెట్టిచ్చుకున్నోడివి? నొప్పి పెడతాదా అన్నా?"

"నొప్పేం లేదు." కుడిచేతి వైపు చూసుకున్నాడు. "అలవాటును కాచుకోవాల. అది మన మాట వినదు."

చుక్క తీశారు. ఎక్కించారు. గంట ఆగి కావేరి ముంజేతి మీద చెనక్కాయ రసం వేసి గుచ్చారు. పావుగంట. ఓబులేసు చూడలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు. బొటనవేలు నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది.

"పెద్దాయనా, వచ్చి చూడు," అంది డాక్టరమ్మ.

పిల్ల చెయ్యి నున్నగా ఉంది.

"ఇంక లేవదు. అయిపోయింది. ఇప్పుడు నీ సంగతి. కావాలంటే నీ కాపలాను ఇంకొకరికి..."

"వద్దు," అన్నాడు ఓబులేసు. "నాతోనే ఆగిపోనీ."

*

తరువాతి ఏడు కోతకాలంలో ఎర్రిస్వామి మళ్ళీ రోడ్డు మీద కాయలు ఆరబోశాడు. మళ్ళీ మిల్లుకూ అతనికీ పేచీ వచ్చింది.

ఓబులేసు గాలికి ఎగువన, పదడుగుల దూరంలో, మూతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. చేతికి తొడుగు ఉంది. జేబులో రెండు పెన్నులున్నాయి. ఎర్రిస్వామి కాయలు ఆడించాడు. ఓబులేసు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఆరింది. కానీ బూజుందేమో చెవికి తెలీదప్పా. నోటికే తెలుస్తాది. నా వల్ల కాదు."

బడి నుంచి అతనితో వచ్చిన కావేరి రాశి వైపు చూసింది. తాత వైపు చూసింది. సంచి కింద పెట్టి రాశి దగ్గరికి పోయింది.

"పాపా, వద్దు. నీకు భయం కదా."

"అడుగుదే తీయాల కదా తాతా?"

మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి ఒక కాయ తీసింది. వేలి బలం చాలక రెండు బొటనవేళ్ళతో నొక్కింది. పొట్టు నలిపి ఊదింది. గింజను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. ఒక చేత్తో గొంతు పట్టుకుంది. ఇంకో చేత్తో నోట్లో వేసుకుంది.

పటుక్కుమంది. ఓబులేసు నోట్లో నీళ్ళూరాయి.

"ఏముందమ్మీ?"

"తియ్యగుండాది."

"అది అందరికీ తెలుసు. ఇంకా నములు."

"తియ్యగుండాది... చివర్లో ఏదో వాసన."

"ఎట్లాంటి వాసన? మూసిన పెట్టె తెరిస్తే వస్తాదే, అట్లనా?"

పిల్ల కళ్ళు మూసుకుంది. "కాదు. వాన పడితే మన వాకిట్లో వస్తాది చూడు, అది."

"ఎర్రనేల కాయ. బూజు లేదు," అన్నాడు ఓబులేసు. "నువ్వే చెప్పు ఆయనకు."

కావేరి ఎర్రిస్వామి వైపు తిరిగింది. "దించుకోమని చెప్పు మామా మిల్లోళ్ళకు."

తర్వాత రోడ్డు పక్క కొళాయి దగ్గరికి పోయి మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంది. మూడుసార్లు పుక్కిలించింది. సంచిలోంచి వేరే గౌను తీసి వేసుకుంది. ఇంటిదారి పట్టాక, రాశి దాటి చాలాదూరం వచ్చాక, అతని తొడుగు లాగేసి ఆ చేతిలో తన తడిచెయ్యి పెట్టింది.

నాలుగడుగులు వేశారు. బొటనవేలు కదిలింది. పిల్ల వేళ్ళను ఒకదాని తర్వాత ఒకటి పట్టి మెల్లగా నొక్కుతోంది.

"తాతా, నొక్కొద్దు. నేను చెనక్కాయను కాదు."

"తెలుసులే," అన్నాడు ఓబులేసు.

చేతికి మాత్రం తెలిసినట్టు లేదు.